తాళానికి చెవి లేదు

పైకప్పు మళ్ళీ మోగింది. దబ్, దబ్, దబ్.

కింద కళ్ళజోళ్ళ షాపులో టపాకాయ చేతిలోని లెన్స్ జారి ట్రేలో పడింది. ఎదురుగా చూపు పరీక్షించే ట్రయల్ ఫ్రేమ్ పెట్టుకుని కూర్చున్న పంతులుగారు గోడమీది అక్షరాల బోర్డు వంక చూసి, "అమ్మాయ్, చివరి లైను ఊగుతోంది. ఇది నా కంటి జబ్బా, మీ గోడ జబ్బా?" అని అడిగారు.

"పైవాళ్ళ జబ్బండీ," అంది టపాకాయ పళ్ళు నూరుతూ.

షట్టర్ లాగే కొక్కెం కర్ర తీసుకుని పైకప్పుని రెండు పోట్లు పొడిచింది. చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ దబ్, దబ్, దబ్, ఈసారి ఇంకాస్త హుషారుగా.

అసలే ఆ పిల్ల పొద్దున్నుంచీ నిప్పులు కక్కుతోంది. కారణం 'దీపాల కోట'. అందరూ చిన్నప్పుడు పాత వీడియోగేమ్ మిషన్ మీద ఆడిన ఆట అది. పొట్టి కుర్రాడొకడు కోటలో అంతస్తులెక్కుతూ, గుంటలు దూకుతూ దీపాలు వెలిగిస్తాడు. ఇన్నేళ్ళకి ఆ కుర్రాడు 'దరువు'లోకి వస్తున్నాడు. 'దరువు' అంటే ఎవరో నలుగురు కలిసి చేసిన చిన్న ఫోను ఆట. పాట వింటూ సరిగ్గా దెబ్బ మీద వేలు కొట్టాలి. ఈ రెండూ కలుస్తున్నాయనగానే టపాకాయ ఎగిరి గంతేసింది. తీరా పొద్దున డెమో వచ్చింది. మూడో అంతస్తు పాట విన్నాక ఆమెకి పచ్చి మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు.

పాత పాట మధ్యలో ఒకచోట చటుక్కున ఆగి, మళ్ళీ అందుకునేది. అచ్చం మనిషికి ఎక్కిలి వచ్చినట్టు. కొత్త పాటలో అది లేదు. నున్నగా చెక్కి పారేశారు.

వెంటనే నెట్లో ఆ డెమో వీడియో కింద రాసింది: "మూడో అంతస్తులో ఎక్కిలి ఏది? పాట కట్టినవాడికి చెవులు వినడానికున్నాయా, కళ్ళజోడు తగిలించుకోవడానికున్నాయా?"

మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. ఎక్కడ చూసినా 'ఎక్కిలి ఏది?' అన్న కేకే.

ఇంతలో పైన మళ్ళీ దబ్. కర్ర అలాగే చేత్తో పట్టుకుని టపాకాయ మెట్లెక్కింది.

పైనున్నది ఏదో కంప్యూటర్ ఆఫీసని తప్ప ఆమెకేమీ తెలియదు. తలుపు బార్లా తీసి ఉంది. గది మధ్యలో ఒక చెక్క, చెక్క పక్కన మైకు, చెక్క మీద కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి అబ్బాయి. చెవులకి హెడ్‌ఫోన్స్. చెప్పుల్లేని కాళ్ళతో గంతులేస్తూ ఆ చప్పుడు రికార్డు చేస్తున్నాడు.

"ఏవండీ!"

వినలేదు.

"ఏవండోయ్!"

ఊహూఁ. టపాకాయ వెళ్ళి హెడ్‌ఫోన్స్ తీగ పట్టుకుని ఊడబీకింది. ఆ క్షణమే స్పీకర్లలోంచి పాట బయటికి దూకింది. మూడో అంతస్తు పాట. నున్నటి పాట. గోడమీద దీపం పట్టుకున్న పొట్టి కుర్రాడి పోస్టరు.

కర్ర నేలకి ఆనించి అడిగింది. "మీరా? ఈ పాట పాడు చేసింది మీరా?"

"పాడు చేయడమేంటండీ? బాగు చేశాను," అన్నాడతను.

"ఎక్కిలి ఏది?"

అతని మొహం మాడిపోయింది. పొద్దున్నుంచీ ఆ రెండు మాటలూ అతని ప్రాణం తోడేస్తున్నాయి.

"మీరూ ఆ గుంపేనా? అది ఎక్కిలి కాదండీ, రోగం. దీపాలన్నీ ఒక్కసారి వెలిగితే ఆ పాత మిషన్‌కి ఊపిరాడేది కాదు. అందుకని పాట ఆగేది. కోట ఆట చేసిన కంపెనీవాళ్ళు పంపిన అసలు పాటలో అది లేనే లేదు. కావాలంటే వినిపిస్తా."

"వినిపించడం తర్వాత. మీరెప్పుడైనా ఆ ఆట ఆడారా?"

"పాట లెక్కలేనన్నిసార్లు విన్నాను."

"నేనడిగింది ఆడారా అని."

"మా ఇంట్లో ఆ మిషన్ లేదండీ," అన్నాడు చివరికి.

"అద్గదీ! ఈత పుస్తకం చదివి ఏట్లో దూకారన్నమాట."

కంప్యూటర్ల వెనకనుంచి ఎవరో నవ్వు ఆపుకుంటూ, "మా తాళాన్ని ఏమనకండి మేడం, పాపం తాళాలు కట్టేది వాడొక్కడే," అన్నారు.

"తాళమా? ఈయన పేరా?"

"పని తాళాలు కట్టడం. అలవాటు ఆఫీసు తాళం చెవి పారేయడం. అందుకని తాళం."

"ఓహో! ఈ తాళానికి చెవి లేదన్నమాట. పాట వింటేనే అనుకున్నా," అంది టపాకాయ.

గది గదంతా ఘొల్లుమంది. తాళం మాత్రం నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో కిందినుంచి నాన్న కేక. "టపాకాయ్! పంతులుగారు ఫ్రేమ్ మొహాన వేసుకుని అలాగే కూర్చున్నారమ్మా!"

తాళం ఉలిక్కిపడ్డాడు. "టపాకాయా? అంటే వీడియో కింద నా చెవుల గురించి రాసిన టపాకాయ..."

"నేనే. అయితే ఏం?"

"ఏం లేదండీ. పేరు ఊరికే పెట్టలేదని," అన్నాడు కళ్ళజోడు సర్దుకుంటూ.

* * *

ఆ వారమంతా నెట్లో కురుక్షేత్రమే.

"మా చిన్నప్పటి దీపం ఊదేశారు," అని కోటవాళ్ళు. "ముసలి ఫ్యాన్స్‌కి ఎక్కిళ్ళొస్తే నీళ్ళు తాగమనండి," అని దరువువాళ్ళు. "మీ దరువు మీరేసుకోండి, మా కోట జోలికొస్తే ఊరుకోం," అని మళ్ళీ కోటవాళ్ళు. ఆట ఆడనివాళ్ళు కూడా వచ్చి తలో రాయీ వేసిపోయారు. ఉచితంగా దొరికే కోపాన్ని ఎవరు వదులుకుంటారు?

ఒకరోజు తాళం షాపులోకి వచ్చాడు. చేతిలో రెండు ముక్కలైన కళ్ళజోడు.

"దీని మీద కూర్చున్నానండీ."

"చూసుకోలేదా?"

"కళ్ళజోడు లేకుండా కళ్ళజోడు ఎలా చూసుకుంటానండీ?"

టపాకాయకి నవ్వొచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. "కూర్చోండి. స్టూలు మీద. జాగ్రత్తగా," అంది.

ట్రయల్ ఫ్రేమ్ అతని ముక్కున పెట్టి, లెన్సులు మారుస్తూ అడిగింది. "ఇది బావుందా, ఇది బావుందా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. చిన్న తేడా ఉంటుంది. పట్టుకోగలిగినవాళ్ళు పట్టుకుంటారు."

"మీరు లెన్సుల గురించే మాట్లాడుతున్నారా?"

"చూపు బోర్డు మీద పెట్టండి. నా మొహంలో అక్షరాలేం లేవు."

"ఉన్నాయండీ. పై లైనులో 'కోపం' అని పెద్దక్షరాలతో కనిపిస్తోంది. కింది లైను మాత్రం అందట్లేదు."

టపాకాయ లెన్స్ ఠక్కున దించింది. అతను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. అతని కడుపులోనూ మంట ఉంది మరి.

"మీ ఒక్క మాట పట్టుకుని జనం మామీద పడ్డారు. కోట కంపెనీ పెద్దలు భయపడి, ఈ గొడవ సద్దుమణగకపోతే ఆట ఆపేస్తామంటున్నారు. ఆపేస్తే మా ఆఫీసు మూతపడుతుంది. నెలలకొద్దీ నిద్రమానుకుని చేశామండీ. మీకింత కోపమెందుకో నాకు అర్థం కాదు. ఆటే కదా!"

ఆ 'ఆటే కదా' అన్న మాటతో టపాకాయ చేతిలోని లెన్స్ ట్రేలో పెట్టేసింది. ఆమె తిట్టకుండా నిలబడడం చూసి తాళానికి మొదటిసారి భయం వేసింది.

లోపలిగదిలోంచి నాన్న వచ్చాడు. గోడకి చెయ్యి ఆనించుకుంటూ, బల్ల అంచు తడుముకుంటూ వచ్చాడు.

"ఎవరమ్మా? పై బాబేనా? ఆ పాట కట్టిన బాబు?"

ఆ వీధిలో సగం ముక్కుల మీదున్న కళ్ళజోళ్ళు ఆయన పెట్టినవే. ఇప్పుడు ఆయన కళ్ళకే మధ్యలో మసక కమ్మింది. చుట్టూ ఉన్నది లీలగా తెలుస్తుంది, సూటిగా చూసింది కనిపించదు. ఏ అద్దమూ పనికిరాదని పెద్ద డాక్టర్లు తేల్చేశారు. ఫ్రేము మనిషి చెవికి సరిపోయిందో లేదో మాత్రం ఇప్పటికీ వేళ్ళతోనే చెప్పేస్తాడు.

"కూర్చో బాబూ. నీ పాట ఆడి చూపిస్తా," అని ఫోను తీశాడు. డెమో మొదలైంది. పొట్టి కుర్రాడు పరుగెత్తాడు. నాన్న తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని, వేలు కొడుతున్నాడు. ఒక దీపం, ఇంకో దీపం. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. గుంట వచ్చింది. కుర్రాడు అందులో పడ్డాడు. మళ్ళీ ఆడాడు. మళ్ళీ అక్కడే పడ్డాడు.

"చూశావా?" అని నవ్వాడు నాన్న. "పాట బ్రహ్మాండంగా ఉంది బాబూ. ఎక్కడా తొట్రుపాటు లేదు. అదే చిక్కొచ్చింది. వెనక నేనూ మా పిల్లా ఆడేటప్పుడు, పాటకి ఎక్కిలి రాగానే దూకేవాణ్ణి. కళ్ళు పోయాక కూడా ఆ ఒక్క ఆట ఆడగలిగాను. ఆ మిషన్ కాస్తా కాలిపోయింది. మీ ఆట వస్తోందంటే మళ్ళీ ఆడొచ్చని సరదాపడ్డాను. గుంట మాత్రం వినబడట్లేదయ్యా."

"విన్నావా?" అంది టపాకాయ. "ఆటే కదా అన్నావ్! మా నాన్నకి మిగిలింది ఆ ఒక్క ఆటే! దాన్ని కూడా సబ్బు పెట్టి కడిగేశావు!"

తాళం లేచి నిలబడ్డాడు. గబగబా బయటికి వెళ్ళిపోయాడు.

"మా ఫ్రేమ్!" అని అరిచింది టపాకాయ. ట్రయల్ ఫ్రేమ్ ముక్కున పెట్టుకునే మెట్లెక్కేశాడు మహానుభావుడు.

* * *

మర్నాడంతా పైకప్పు మోగలేదు.

బోర్డు ఊగలేదు. లెన్సులు జారలేదు. నిశ్శబ్దం హాయిగా ఉండాలి. కానీ టపాకాయ మాటిమాటికీ పైకి చూసింది. కర్ర తీసి, ఊరికే ఒక పోటు పొడిచి చూసింది. బదులు రాలేదు. వెధవ, తిట్టించుకోవడానికైనా కిందికి దిగకూడదా అనుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. కస్టమర్లు లేక ఫోను తీసింది. ఎవరో తాళం ఫోటో సంపాదించి, దానికి గాడిద చెవులు అతికించారు. కింద వందలమంది పగలబడి నవ్వుతున్నారు. అతని చదువు, అతని మొహం, అతని అమ్మానాన్నలు, ఎవరినీ వదల్లేదు.

ఆమె సంతోషించాలి. చెవుల మాట మొదలుపెట్టింది తనే కదా. కానీ ఒళ్ళంతా భగ్గుమంది.

"పాటనేమైనా అనండి. మనిషిని అంటే పళ్ళు రాలగొడతా," అని రాసింది. "అతన్ని తిట్టాలంటే నేను తిడతా. ఎదురుగా నిలబడి తిడతా. మధ్యలో మీరెవరు?"

అంతే, గుంపు ఆమె మీదికి తిరిగింది. "టపాకాయ తుస్సుమంది." "వానకి తడిసినట్టుంది." "చెవుల బాబు మీద మనసు పడిందేమో!"

ఆ చివరిది చదివి ఫోను బల్లకేసి కొట్టబోయి ఆగింది. అసలు కోపం ఆ రాసినవాడి మీద కాదు. వాడు ఎలా కనిపెట్టాడా అని.

గొడుగు తీసుకుని బయటికి నడిచింది. పై ఆఫీసుకి మెట్లు బయటివైపునుంచే. మెట్లమీద, వానలో, సంచి గుండెలకి హత్తుకుని తాళం కూర్చుని ఉన్నాడు. ముక్కున ఇంకా ఆ ట్రయల్ ఫ్రేమే.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"తాళం చెవి పోయింది. మిగతావాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు."

"నీ మొహం మండ! కింద షాపుంది కదా, లోపలికి రావచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని రానండీ?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. మా ఫ్రేమ్ కూడా పెట్టుకున్నావుగా!"

గొడుగు అతని మీదికి జరిపింది. జరిపాక తన భుజం తడుస్తోందని విసుక్కుంది. విసుక్కుంటూనే అలాగే ఉంచింది.

"మొన్నటిదాకా మీరు. ఇప్పుడు నువ్వా?" అన్నాడు మెల్లిగా.

"కోపంలో గౌరవాలు గుర్తుండవు నాకు."

"అయితే కోపంగానే ఉండండి. బావుంది," అని, నవ్వు చాలించి, లాప్‌టాప్, మైకు పెట్టిన సంచి చూపించాడు. "ఎక్కిలి పెడదామని కూర్చున్నా. నెట్లో దొరికిన పాత రికార్డులన్నీ విన్నా. ఒక్కో మిషన్‌ది ఒక్కో ఎక్కిలి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అంకుల్‌కి ఏది అలవాటో తెలియట్లేదు. రేపు పాట ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఆట ఆగిపోతుంది."

"ఆయన్నే అడగొచ్చుగా, మొద్దూ!"

"అడగడానికే వచ్చా. మెట్టు దిగలేకపోయా."

* * *

షట్టర్ సగం దించారు, వాన చప్పుడు మైకులో పడకుండా. బల్లకి ఆవలివైపు తాళం, ఈవలివైపు టపాకాయ, మధ్యలో నాన్న. నాన్న చేతిలో కళ్ళజోడు పెట్టె. దాంతోనే బల్లమీద దెబ్బ వేయాలి. టపాకాయ పాట కూనిరాగం తీయాలి.

"లా ల లా ల..." అని మొదలుపెట్టింది.

"శ్రుతి జారింది," అన్నాడు తాళం.

"నువ్వు చెప్పకు."

నాన్న టక్, టక్ మని కొట్టి, ఆగి, మళ్ళీ టక్ మన్నాడు. తాళం కంప్యూటర్లో ఏదో నొక్కి వినిపించాడు.

"ఇంకా ఆగాలి," అంది టపాకాయ.

"ఆగానుగా!"

"ఆగలేదు. ఊపిరి పీల్చి వదిలావంతే."

"ఇంతకంటే ఆగితే పాట చచ్చిపోతుంది!"

"చచ్చిపోయిందనుకున్నాకే బతకాలి! అందుకే కదా గుండె ఝల్లుమనేది! నీకు గుండె కూడా లేదా, చెవులతో పాటు... ఇక్!"

ఎక్కిలి. టపాకాయ నోరు మూసుకుంది. మళ్ళీ, "ఇక్!"

నాన్న పెట్టె పక్కన పెట్టి కిలకిల నవ్వాడు. "ఎవరో తలుచుకుంటున్నారమ్మా నిన్ను."

"ఎవరు తలు... ఇక్! తలుచుకుంటారు నాన్నా? నెట్లో వాళ్ళంతా... ఇక్! తిట్టుకుంటున్నారు."

తాళం ట్రయల్ ఫ్రేమ్ తీసి బల్లమీద పెట్టాడు. ఆమె వంక చూడలేదు. నాన్ననే అడిగాడు, చాలా బుద్ధిగా. "అంకుల్, తలుచుకునే మనిషి దూరంగానే ఉండాలా? ఎదురుగా కూర్చుని తలుచుకుంటే ఎక్కిళ్ళు రావా?"

టపాకాయ అద్దాలు తుడిచే గుడ్డ అతని మొహాన విసిరికొట్టింది. "పని చూడు! ఇక్!"

"నాకు మంచినీళ్ళు కావాలి," అని నాన్న లేచాడు. ఎక్కిళ్ళు ఎవరికి వస్తే నీళ్ళు ఎవరు తాగడానికి వెళ్ళారో ఆ పెద్దమనిషికే తెలియాలి. లోపల చాలాసేపు తాగాడు.

* * *

ఆట విడుదలైన రోజు నాన్న బల్లముందు కూర్చుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. టపాకాయ పక్కనే నిలబడి, భుజం పట్టుకుంది.

పొట్టి కుర్రాడు పరుగెత్తాడు. ఒక దీపం, ఇంకో దీపం. నాన్న కళ్ళు మూసుకున్నాడు. పాట పరుగు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. పాట ఆగింది.

ఇక్!

నాన్న వేలు పడింది. కుర్రాడు గుంట దాటాడు.

"దూకాను!" అన్నాడు నాన్న. చిన్నపిల్లాడిలా కుర్చీలో ఎగిరాడు. "చూశావా, దూకాను! మూడో అంతస్తు దాటానే పిల్లా!" మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. టపాకాయ కూడా ఏడ్చింది, దాచుకోలేదు.

ఏడుస్తూ ఏడుస్తూ ఆగింది. ఆ ఎక్కిలి... "నాన్నా, మళ్ళీ పెట్టు."

ఇక్!

"అది నా గొంతు!" అంది.

"మొదటిసారే తెలిసిందమ్మా నాకు," అన్నాడు నాన్న.

నెట్లో అప్పటికే మొదలైంది. "ఎక్కిలి వచ్చేసింది, ఏడుపాగట్లేదు!" అని కొందరు. "ఇదెవరి ఎక్కిలి? ఆడగొంతులా ఉంది. పాత పాటలో ఆడగొంతు లేదు. తక్షణం తీసేయాలి!" అని మరికొందరు. ఫ్యాన్స్‌ని బ్రహ్మదేవుడు కూడా మెప్పించలేడు.

కర్ర తీసుకుని టపాకాయ మెట్లెక్కింది. తాళం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఆ అడుగుల చప్పుడు కోసమే కాచుకున్నట్టు. ముక్కున ఆమె చేసిచ్చిన కొత్త కళ్ళజోడు.

"నా ఎక్కిలి నన్నడక్కుండా దొంగిలిస్తావా?"

"అంకుల్ దెబ్బల మధ్య ఆగినదానికి, ఆ రాత్రి మైకులో పడిన నీ ఎక్కిలికి సరిగ్గా ఒకే పొడవు. కొలిచి చూశా. తీసేయమంటే ఇప్పుడే తీసేస్తా."

"తీసి చూడు, నీ చెవులు పీకుతా!"

"తీయనులే," అని జేబులోంచి ఒక తాళం చెవి తీసి ఆమె ముందు పెట్టాడు. ఆఫీసుది, కొత్తగా చేయించింది. "ఇది నీ దగ్గరుంచు. నేను మళ్ళీ పారేస్తాను. పైగా ఈ తాళానికి చెవి లేదని మొదటిరోజే కనిపెట్టింది నువ్వేగా. నాకు వినబడనిది నీకు వినబడుతుంది. నువ్వంటే నాకు ఇష్టం. రోజూ తిట్టినా ఇష్టమే."

టపాకాయ ఆ చెవిని లాక్కుని పిడికిట్లో బిగించింది. తిడదామని నోరు తెరిచింది. ఒక్క తిట్టూ రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

"నేనూ అంతే," అంది చివరికి, కోపంగానే.

అప్పుడు వాళ్ళ కాళ్ళకింద నేల మోగింది. కింద నాన్న షట్టర్ కర్ర కోసం వెతికి, దొరక్క, చీపురుకట్ట తిరగేసి పైకప్పుని పొడుస్తున్నాడు.

టక్, టక్.

ఆగాడు.

టపాకాయ ఊపిరి బిగబట్టింది. తాళం కూడా.

టక్.

"మీ నాన్నగారు ఏమంటున్నారు?" అన్నాడు తాళం.

"దూకమంటున్నారు," అంది టపాకాయ.